వడ్డీ పత్రం వాటాగా మారితే...

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయింది. ఆ ఉక్కు పట్టణంలో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అక్కడి కార్మికునికి పదవీ విరమణనాడు ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ రూపంలో చేతికందే సొమ్ము జీవితకాలపు చెమటకు ప్రతిఫలం. దానిని ఎక్కడ మదుపు పెట్టాలన్న ప్రశ్న తలెత్తినపుడు, 'వడ్డీకి వడ్డీ, లాభానికి లాభం' అంటూ ఆకర్షించేది కన్వర్టిబుల్ డిబెంచరు.

డిబెంచరు అనగా కంపెనీకి మనమిచ్చే అప్పు. కన్వర్టిబుల్ డిబెంచరయితే ఆ అప్పు పూర్తిగా గాని, కొంత గాని గడువునాటికి కంపెనీ వాటాలుగా మారుతుంది. ఈ సదుపాయం ఉన్నందున వడ్డీ సాధారణ డిబెంచరు కన్న తక్కువగా ఉండడం పరిపాటి.

ఉదాహరణకు, 1,000 రూపాయల పత్రం 18 నెలల తరువాత, వాటా 100 రూపాయల చొప్పున, 10 వాటాలుగా మారుతుందనుకుందాం. ఆనాటికి బజారులో వాటా ధర 150 రూపాయలయితే చేతిలో 1,500 ఉన్నట్లే. ధర 60కి పడిపోతే మిగిలేది 600. మార్పిడి ఐచ్ఛికమయితే వద్దని చెప్పి అసలు కొరకు వేచి ఉండవచ్చును. నిర్బంధమయితే ఆ దారి లేదు.

మార్పిడితో మదుపుదారుని స్థానమే మారిపోతుంది. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం, మూతపడిన కంపెనీ ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను, కార్మికుల 24 నెలల బకాయిలకు, ఆస్తి హామీ గల అప్పులకు ముందుగా చెల్లింపు జరుగుతుంది. సాధారణ వాటాదారుడు అందరికన్న చివరివాడు. నిన్నటి ఋణదాత మార్పిడి జరిగిన మరునాడే ఆ చివరి వరుసలో నిలుస్తాడు.

వాటాగా మారకపోయినంత మాత్రాన ప్రమాదం తొలగదు. 2008 నుండి సహారా సంస్థకు చెందిన రెండు కంపెనీలు ఐచ్ఛిక మార్పిడి గల డిబెంచర్లను సుమారు 3 కోట్ల మందికి అమ్మి, 24,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించినవి. ఇవి సంస్థతో సంబంధమున్నవారికే ఇచ్చిన పత్రాలని కంపెనీలు వాదించినవి. 50 మందికి, అంతకు మించి ఇవ్వజూపితే అది ప్రజలకు జారీ చేసినట్లేనని, 15 శాతం వడ్డీతో సొమ్ము తిరిగి చెల్లించాలని 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినను 2023 మార్చి నాటికి సెబీ ద్వారా మదుపుదారులకు చేరినది సుమారు 138 కోట్లు మాత్రమే. దరఖాస్తులు కొద్దిగానే వచ్చినవి. వాటిలోనూ కొన్నింటికి కంపెనీ లెక్కలలో ఆధారం దొరకలేదు.

కనుక సంతకానికి ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. మార్పిడి ఎవరి ఇష్టంపై జరుగుతుంది? ధరను ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారు? హామీగా ఏ ఆస్తి ఉన్నది? డిబెంచరు ట్రస్టీ ఎవరు? పత్రం స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదవుతుందా? ఏజెంటు పొరుగింటివాడో, ఒకే షిఫ్టులో పనిచేసినవాడో కావచ్చును. అతని మంచితనం వేరు, పత్రం మంచితనం వేరు. ఈ ప్రశ్నలకు సమాధానాలను అతని మాటలలో గాక ప్రాస్పెక్టసులోనే వెదకాలి.