డయలప్ వేగం పొదుపులోనే ఉంది

టెలిఫోన్ తీగను మనిషి గొంతు కోసం వేశారు. 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వని దాటితే మాట అర్థమవుతుంది కనుక ఫోన్ వ్యవస్థ అంతటితో సరిపెట్టుకుంది. డయలప్ మోడెం కంప్యూటర్ సమాచారాన్ని ఈ ఇరుకు పరిధిలో ఇమిడే ధ్వనిగా మార్చి పంపుతుంది. కనెక్ట్ అయ్యేటప్పుడు వినిపించే కీచురొదలో రెండు మోడెములు లైను ఎంత బాగుందో కొలుచుకుని, ఏ వేగంతో నడవాలో తేల్చుకుంటాయి. ఈ వేగానికి హద్దు ఉందని 1948లోనే గణితవేత్త క్లాడ్ షానన్ లెక్క కట్టి చూపాడు. ఆ లెక్క ప్రకారం 3100 హెర్ట్జ్ వెడల్పులో సంకేతం రొదకన్నా 3000 రెట్లు బలంగా ఉంటే సెకనుకు సుమారు 36 కిలోబిట్లు వెళ్తాయి. 100 రెట్లే ఉంటే 21 కిలోబిట్లు దాటవు. కాబట్టి తుప్పు పట్టిన జాయింటు, అదే లైనుకు తగిలించిన రెండో ఫోను, నాసిరకం పొడవాటి తీగ నేరుగా వేగాన్ని తినేస్తాయి. వాటిని సరిచేస్తే పోయిన వేగం తిరిగి వస్తుంది, హద్దు మాత్రం పెరగదు.

మరి 56 కిలోబిట్ల మోడెములు ఎలా వచ్చాయని అడగవచ్చు. 1998 నాటి వి.90 ప్రమాణం షానన్‌ను కాదనలేదు, దారిలో రొదను తగ్గించింది. డిజిటల్ ఎక్స్ఛేంజి ధ్వనిని సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. సర్వీసు సంస్థ ఎక్స్ఛేంజి దాకా డిజిటల్‌గానే పంపితే, మార్పిడిలో పుట్టే రొద ఉండదు. కొలతకు 7 బిట్లు నమ్మకంగా అందినా 56 కిలోబిట్లు. అదీ మనకు వచ్చే దిశలోనే. వి.90లో మన నుంచి పోయేది 33.6 దగ్గరే ఆగింది.

హద్దు కదలనప్పుడు మిగిలిన దారి పంపే బరువు తగ్గించడమే. 56 కిలోబిట్లంటే సెకనుకు 7 కిలోబైట్లు, ఆచరణలో నాలుగైదు. 100 కిలోబైట్ల ఒక్క ఫొటోకు ఇరవై సెకన్లు పైనే పడుతుంది. బ్రౌజర్‌లో బొమ్మలు ఆపేస్తే పేజీలోని వ్యాసం అంతకన్నా ముందే చదవడానికి వచ్చేస్తుంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఇంటర్నెట్‌ను ప్రజలకు తెరిచినప్పుడు విద్యార్థుల ఖాతాలు అక్షరాలతోనే నడిచాయి. అక్షరాలను కుదించడమూ తేలికే. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ‘తెలుగు’ అన్న మాటకు 18 బైట్లు కావాలి. ఇంగ్లిషు లిపిలో ఆ మాటకు 6 చాలు. అయితే ప్రతి తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒకే బైటుతో మొదలవుతాయి, రెండో బైటు కూడా రెండిటిలో ఒకటే. ఇంతగా పునరావృతమయ్యే సమాచారాన్ని జిప్ వంటి పద్ధతులు బాగా నలిపేస్తాయి. జేపెగ్ ఫొటో ముందే కుదించినది కనుక మోడెం కుదింపు దాన్ని ఇంకేమీ తగ్గించలేదు.

వేగాన్ని అయిదు రెట్లు చేస్తామన్న సాఫ్ట్‌వేర్ల మాటేమిటి? అవి తమ సర్వర్‌లో ఫొటోల నాణ్యత తగ్గించి, అక్షరాలను కుదించి పంపేవి. పేజీ త్వరగా తెరుచుకునే మాట నిజమే, కానీ మారింది బరువే. ఫైలును నాలుగు ముక్కలుగా ఒకేసారి దింపే డౌన్‌లోడ్ మేనేజర్లకు అవతలి సర్వర్ నెమ్మదిగా ఉంటేనే పని. మన లైనే ఇరుకైతే నాలుగు ముక్కలూ అదే ఇరుకును పంచుకుంటాయి. లైను తెగినప్పుడు ఆగిన చోటి నుంచి కొనసాగించడం వాటి అసలు ఉపకారం.

డయలప్ కాలం పోయింది కదా, అమెరికాలో ఇంటర్నెట్ సంస్థ ఏవోఎల్ కూడా 2025 సెప్టెంబరు 30తో దాన్ని ఆపేసింది కదా అంటే, వేగం మాత్రం అంత దూరం పోలేదు. పలు మొబైల్ ప్లాన్లలో రోజు డేటా అయిపోగానే 64 కిలోబిట్లే మిగులుతాయి. అప్పుడు 2 మెగాబైట్ల పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పైనే పడుతుంది. బొమ్మలు ఆపుకోవడం వరకే చదివేవారి చేతిలో ఉంది; పేజీ ఎంత బరువుండాలో తేల్చేది దాన్ని తయారుచేసేవారు. నెమ్మది లైనుకు నిజమైన వేగం ఇవ్వగలిగిందీ వారే.