గాయపడ్డ పిట్టకు సరైన చిరునామా

"దగ్గరలో ఏముంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కంప్యూటర్లు ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇండియన్ స్టోరు, గ్యాస్ స్టేషను, రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు, ఏది కావాలన్నా క్షణంలో మ్యాపు మీద ప్రత్యక్షమవుతుంది. "దగ్గరలో ఉన్నవాటిలో మనకు పనికొచ్చేది ఏది?" అన్నది మాత్రం ఇంకా కాస్త కష్టమైన ప్రశ్నే. ఆ కష్టం ఏమిటో తెలియాలంటే, దెబ్బతిన్న ఒక పిట్టను పక్కన పెట్టుకుని దానికి సాయం వెతికి చూడాలి. ఈసారి ఆ సంగతి మాట్లాడుకుందాం.

అలాంటి పిట్ట కనిపించడం అంత అరుదేమీ కాదు. 2014లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పక్షులు భవనాలకు గుద్దుకుని చనిపోతున్నాయి. అద్దంలో కనబడే చెట్టును నిజం చెట్టనుకుని పూర్తి వేగంతో వచ్చి కొట్టుకుంటాయి. నేనుండే షికాగో వలస పక్షుల దారిలో ఉంది. 2023 అక్టోబరు 5న ఇక్కడి మెకార్మిక్ ప్లేస్‌లో ఒకే ఒక్క భవనం చుట్టూ దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపడ్డాయి. అయితే గుద్దుకున్నవన్నీ వెంటనే చావవు. కొన్ని గోడ వారన కళ్ళు సగం మూసుకుని, ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుంటాయి. మనం ఏమైనా చేయగలిగితే వాటికే చేయగలం.

పశువుల డాక్టరు చాలడా?

అందరికీ మొదట తట్టే ఆలోచన ఇదే. కానీ ఇక్కడి చట్టం వేరే దారి చూపిస్తుంది. 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్ కింద ఈ దేశపు సొంత పక్షుల్లో చాలావాటిని అనుమతి లేకుండా పట్టుకోకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. గాయపడ్డ పక్షిని వెంటనే అనుమతి ఉన్న వైల్డ్‌లైఫ్ రీహాబిలిటేటరుకు చేర్చడం కోసం మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. ఆ మినహాయింపు నియమాల్లోనే ఉంది. పశువుల డాక్టరు ప్రథమ చికిత్స చేయవచ్చు గానీ, ఆ తర్వాత ఆయన కూడా రీహాబిలిటేటరుకే అప్పగించాలి. ఈ రీహాబిలిటేటర్లు శిక్షణ పొంది, అనుమతి తీసుకుని అడవి ప్రాణులకు వైద్యం చేసి తిరిగి వదిలేవాళ్ళు. కొందరు పెద్ద కేంద్రాల్లో ఉంటారు, కొందరు తమ ఇంటి వెనుక షెడ్డులోనే ఆ పని చేస్తారు. బోర్డు ఉండదు, మ్యాపులో చుక్కా ఉండదు.

పోయిన అక్టోబరులో నేను పనిచేస్తున్న క్లయింటు ఆఫీసు గుమ్మం పక్కన ఒక పిచుక పడి ఉంది. ఫోటో తీసి, కార్నెల్ వాళ్ళ మెర్లిన్ అనే యాప్‌లో పెడితే వైట్‌-థ్రోటెడ్ స్పారో అని చెప్పింది. రిసెప్షన్ అమ్మాయి దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే "అడవి పక్షులను తీసుకోం" అన్నారు. సెర్చ్‌లో రెండో ఫలితం పెంపుడు చిలకల క్లినిక్, మూడోది పక్షుల గూళ్ళు అమ్మే షాపు. అప్పుడు తెరిచాను ఎనిమల్ హెల్ప్ నౌ అనే వెబ్‌సైటు.

వెతుకులాట వెనక ఏముంది?

మీరున్న చోటు, ఏ రకం ప్రాణి, ఏమైంది అన్నవి చెబితే, ఆ సమయంలో ఆ చోటికి పనికొచ్చే వాళ్ళ జాబితా ఇస్తుంది. పైకి చూస్తే మామూలు డేటాబేస్ క్వెరీనే. దాని విలువంతా అడ్రసు పక్కన ఉండే మిగతా గడుల్లో ఉంది. ఈ కేంద్రం ఏ పక్షులను తీసుకుంటుంది? ఎన్ని గంటల దాకా? వచ్చేముందు ఫోన్ చేయాలా? ఉదాహరణకు ఊరపిచుక, స్టార్లింగ్, పావురం విదేశాల నుంచి వచ్చినవి కాబట్టి పైన చెప్పిన చట్టం వాటికి వర్తించదు, కొన్ని కేంద్రాలు వాటిని తీసుకోవు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ వ్యాపించడం వల్ల బాతులు, గూస్‌ల విషయంలో జాగ్రత్తగా ఉండే కేంద్రాలూ ఉన్నాయి. ఈ వివరాలు ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుని ఎప్పటికప్పుడు సరిచూడాల్సినవి. ఇప్పటి చాట్‌బాట్‌లను అడిగితే ప్రథమ చికిత్స గురించి చక్కగానే చెబుతాయి. ఈ సాయంత్రం ఏ తలుపు తెరిచి ఉందో చెప్పాలంటే మాత్రం వాటికీ అలాంటి తాజా సమాచారమే ఆధారం.

ఆ పిచుకను ముప్పావు గంటలో ఒక కేంద్రానికి చేర్చాం. మరునాడు ఫోన్ చేస్తే రాత్రే పోయిందన్నారు, తలలో రక్తస్రావం. 2024లో వచ్చిన ఒక అధ్యయనం ఈశాన్య రాష్ట్రాల్లో ఇలా గుద్దుకుని కేంద్రాలకు చేరిన మూడు వేలకు పైగా పక్షులను లెక్కించింది. వాటిలో సుమారు 60 శాతం చనిపోయాయి. పైకి దెబ్బ కనిపించకపోయినా లోపల ఉండొచ్చన్నమాట. కాసేపటికి తేరుకుంటుందిలే అని వదిలేయకుండా ఫోన్ చేయమనేది అందుకే.

దారిలో మనం చేయాల్సింది

చిన్న పిట్టయితే మెత్తటి గుడ్డతో పట్టుకుని, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి మూత వేయండి. చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం, ఈ మూడే దానికి మందు. మన ఇళ్ళలో మొదట చేసే పని నోట్లో నీళ్ళు పోయడం. అది చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిండీ పెట్టకండి. దొరికిన చోటు రాసుకోండి, బతికితే ఎక్కడ వదలాలో తేల్చడానికి అది కావాలి. పిల్లి పట్టిన పిట్టకు గాయం కనబడకపోయినా వైద్యం అవసరం. గద్ద, గుడ్లగూబ లాంటివాటిని మీరు ముట్టుకోకుండా ముందు ఫోన్ చేయండి, గోళ్ళు చాలా ప్రమాదం. ఈకలు వచ్చి, పొట్టి తోకతో నేల మీద గెంతుతున్న పిల్ల పిట్టకు ఏ దెబ్బా లేకపోతే వదిలేయండి. తల్లి దగ్గరలోనే ఉంటుంది. మనిషి వాసన తగిలితే తల్లి రాదన్నది వట్టి మాట.

ఈ బెడద రాకుండా చేసే ఉపాయం కూడా ఉంది. మెకార్మిక్ ప్లేస్ వాళ్ళు 2024లో ఆ భవనం అద్దాల మీద చిన్న చిన్న చుక్కలున్న ఫిల్ము అంటించారు. గుద్దుకునే పక్షుల సంఖ్య 90 శాతానికి పైగా తగ్గింది. ఇంటి కిటికీకైనా అదే సూత్రం. చుక్కల మధ్య దూరం రెండంగుళాలు మించకూడదు, అద్దానికి బయటి వైపు అంటించాలి.

మన ఊళ్ళ సంగతికొస్తే, సంక్రాంతికి పతంగుల మాంజా దారం రెక్కలు కోసేస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా దారాలు చెట్లకు వేలాడుతూనే ఉన్నాయి. హైదరాబాదులో ఎనిమల్ వారియర్స్ కన్జర్వేషన్ సొసైటీ లాంటి సంస్థలు వాటిలో చిక్కుకున్న పక్షులను దించుతుంటాయి. పండుగ ముందు మా వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి నంబర్లు తిరుగుతాయి, ఏ ఏటివో మాత్రం రాసి ఉండదు. నంబరు పక్కన "ఫలానా తేదీన సరిచూశాం" అన్న ఒక్క ముక్క చేరిస్తే చాలు, అది పుకారు నుంచి సమాచారంగా మారుతుంది. ఆ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ ఇంజనీరే కానక్కర్లేదు.

ప్రాజెక్టు మారితే ఊరు మారే మనలాంటివాళ్ళు, కొత్త ఊళ్ళో డాక్టరు నంబరుతో పాటు దగ్గరి రీహాబిలిటేటరు నంబరు కూడా ఫోనులో పెట్టుకోవడం మంచిది. ముందే ఒకసారి ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. పిట్ట చేతికొచ్చాక వెతకడం మొదలుపెడితే, ఆ వెతుకులాటకు పట్టే టైము దాని ప్రాణంలోంచే పోతుంది.