జీబ్రా చేపల సామూహిక చలనం

జీబ్రా చేప (శాస్త్రీయ నామం: డానియో రెరియో) దక్షిణాసియాలోని వాగులు, చెరువులు, వరి పొలాలలో గుంపులుగా నివసించే మంచినీటి చేప. పెరిగిన చేప పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. గంగానది చేపలపై 1822లో ప్రచురించిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని తొలిసారిగా వర్ణించాడు. గుంపులో ఈదడం ఈ చేపకు పుట్టగానే రాదు, క్రమంగా అలవడుతుంది.

గుంపు, బారు

చేపలు కేవలం దగ్గరగా చేరి ఉంటే గుంపు అనీ, ఒకే దిశలో ఒకే వేగంతో కదిలితే బారు అనీ చెప్పవచ్చు. వీటికి నాయకుడు ఉండడు. ప్రతి చేప తన పొరుగు చేపకు మరీ దగ్గరైతే తొలగుతుంది, దూరమైతే చేరువవుతుంది, దాని దిశను బట్టి తన దిశను మార్చుకుంటుంది.

వికాస దశలు

* గుడ్డు పెట్టిన 2-3 రోజులకు డింభకం బయటకు వస్తుంది. సుమారు 5వ రోజు నుండి స్వేచ్ఛగా ఈదుతూ ఆహారం వేటాడుతుంది.
* మొదటి వారంలో డింభకాలు సాధారణంగా ఒకదాని నుండి మరొకటి తొలగిపోతాయి.
* తరువాత పరస్పర ఆకర్షణ పెరిగి, సుమారు మూడవ వారానికి స్పష్టమవుతుంది.

ప్రేరకాలు

చేపపిల్ల తోక విదిల్చి కొంత దూరం సాగి, క్షణకాలం ఆగి, మరల సాగుతుంది. 2018లో జర్మనీ శాస్త్రవేత్తలు చేపపిల్లలకు కదిలే చుక్కలను చూపారు. ఎడతెగక కదిలే చుక్క కంటే, చేపవలె ఆగి ఆగి కదిలే చుక్కనే అవి ఎక్కువగా అనుసరించాయి. ఒంటరిగా పెంచిన పిల్లలు కూడా దానిని అనుసరించాయి. కనుక ఈ గుర్తింపు సహజసిద్ధమని భావిస్తారు.

చూపుతోపాటు పార్శ్వరేఖ కూడా ముఖ్యమైనది. శరీరం పక్కల ఉండే ఈ జ్ఞానేంద్రియం నీటి కదలికలను గ్రహిస్తుంది. తోటి చేపలు ఈదగా పుట్టే కదలికలను పార్శ్వరేఖ గ్రహించినపుడు మెదడులో పి.టి.హెచ్.2 అనే పదార్థానికి చెందిన జన్యువు చురుకవుతుందనీ, ఒంటరితనంలో అది మందగిస్తుందనీ 2020లో వెల్లడైంది.

ఒంటరితనం ప్రభావం

గుర్తింపు సహజమైనా, ప్రవర్తనపై అనుభవం ప్రభావం చూపుతుంది. ఒంటరిగా పెంచిన డింభకాలు ఇతర చేపలు ఇంకా దూరాన ఉండగానే తప్పుకుంటాయి. మూడు వారాలపాటు పూర్తిగా ఒంటరిగా పెరిగిన పిల్లలలో తోటి చేపలపట్ల ఆసక్తి తగ్గుతుంది.

ప్రాముఖ్యత

డింభకం పారదర్శకంగా ఉంటుంది కనుక, బ్రతికి ఉన్న జీవిలోనే మెదడు పనితీరును సూక్ష్మదర్శినితో చూడవచ్చు. అందువలన ఆటిజంతో సంబంధమున్న జన్యువుల పరిశోధనలోనూ ఈ చేపను ఉపయోగిస్తున్నారు. అయితే చేపలో కనిపించినదంతా మనిషికి వర్తించదు. పైగా ప్రయోగానికి ముందు చేపను గుంపులో పెంచారా, విడిగా పెంచారా అన్నది కూడా ఫలితాన్ని మార్చగలదు.