డీపీలో సింహం ఉంటే ఆటలో కూడా సింహమేనా? పోకర్ అవతార్ల లెక్క

ఈరోజు ఎపిసోడ్ ఒక మెస్ బిల్లుతో స్టార్ట్ చేద్దాం.

2016. నేను హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్. మా రూమ్మేట్ ఫోన్‌లో డబ్బులు పెట్టి పోకర్ ఆడేవాడు. ఒకరోజు రాత్రి వాడికి రెండు జతలు పడ్డాయి, అంటే బానే బలమైన ముక్కలు. ఎదుటోడు ఉన్నదంతా పెట్టేశాడు, ఆల్ ఇన్. ఆ ఎదుటోడి డీపీ ఏంటో తెలుసా? తిరుపతి వెంకన్న ఫోటో.

"వెంకన్న ఫోటో పెట్టుకున్నోడు రా, ఇలాంటోళ్లు బ్లఫ్ ఆడరు. పక్కా పెద్ద ముక్కలే" అని మనోడు ఫోల్డ్ కొట్టేశాడు. ఎదుటోడు ఊరికే ఉండకుండా తన ముక్కలు తిప్పి చూపించాడు. ఏడు, రెండు. బల్ల మీద ఉన్నవాటితో దేనికీ కలవలేదు. పోకర్‌లో అంతకంటే చెత్త ముక్కలు ఉండవు. ఆ మంటలో మనోడు తెల్లారుజామున రెండు దాకా ఆడి మెస్‌కి కట్టాల్సిన 3,200 పోగొట్టాడు. ఆ నెలంతా నా టోకెన్ల మీదే ఇద్దరం తిన్నాం.

సో, ప్రశ్న ఇదీ. అవతార్ చూసి ఆట చెప్పొచ్చా?

ముందు ఒక ఫేమస్ కేసు. 2009 చివర్లో ఆన్‌లైన్ పోకర్‌లో ఇసిల్డుర్1 అనే అకౌంట్ ఒకటి దిగింది. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్లేయర్లతో లక్షల డాలర్ల పాట్లు ఆడేస్తోంది. ఎవరో ఎవరికీ తెలీదు. 2011 జనవరిలో బయటపడింది, విక్టర్ బ్లోమ్ అనే స్వీడన్ కుర్రాడు అని. ఇసిల్డుర్ అంటే లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో ఉంగరం వదులుకోలేకపోయిన రాజు. "చూశావా, వదలకుండా ఆడేవాడు కాబట్టే ఆ పేరు!" అనిపిస్తుంది కదా? ఆగండి. అదే కుర్రాడు భయపడుతూ ఆడి ఉంటే, "ఉంగరాన్ని పట్టుకున్నట్టు డబ్బుని పట్టుకుంటాడు, అందుకే ఆ పేరు" అనేవాళ్లం. ఆట చూశాక పేరుకి అర్థం కుట్టడం చాలా ఈజీ. అసలు వాడి ఎదురుగా కూర్చున్నవాళ్లు వాడిని అర్థం చేసుకున్నది పేరు చూసి కాదు, వాడు పెట్టే పందేలు చూసి.

అలాగని అవతార్‌లో ఇన్ఫర్మేషన్ సున్నా అని నేను అనను. ఇంజినీర్‌ని కదా, లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించినవే, పద్ధతి మాత్రం అసలుదే. వంద మంది ప్లేయర్లు ఉన్నారు. అందులో 30 మంది దూకుడుగా ఆడేవాళ్లు, 70 మంది జాగ్రత్తగా ఆడేవాళ్లు. దూకుడు బ్యాచ్‌లో 6 మంది సింహం డీపీ పెట్టారు. జాగ్రత్త బ్యాచ్‌లో 10 మంది పెట్టారు. అంటే దూకుడువాళ్లలో ఐదుగురికి ఒకరు, జాగ్రత్తవాళ్లలో ఏడుగురికి ఒకరు. సింహం నిజంగానే దూకుడువాళ్లకి ఎక్కువ నచ్చిందనుకోండి. ఇప్పుడు మీకు ఒక సింహం ఎదురైంది. మొత్తం సింహాలు 16. అందులో దూకుడువి 6. అంటే నూటికి 37 పైచిలుకు. డీపీ చూడకముందే 30 కదా! 30 నుంచి 37కి జరిగాం, అంతే. సింహం అనగానే మన బుర్ర మాత్రం సీదా 90కి వెళ్లిపోతుంది. మనోడి మెస్ డబ్బులు పోయింది సరిగ్గా ఆ గ్యాప్‌లోనే.

ఇప్పుడు ఆట వైపు చూద్దాం. పోకర్‌లో వీపిప్ అని ఒక అంకె ఉంటుంది. పంచిన ప్రతి వంద ఆటల్లో, బలవంతంగా కట్టే బ్లైండ్ కాకుండా, ఇష్టపడి ఎన్నిసార్లు డబ్బు పెట్టాడు అని. జాగ్రత్తపరుడు 15 సార్లు పెడతాడు అనుకోండి, లూజ్‌గా ఆడేవాడు 40 సార్లు. మీరు జస్ట్ 20 ఆటలు గమనించారు. ఎదుటోడు 8 సార్లు దిగాడు. 15 శాతం మనిషి 20లో 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ దిగడం నూటికి ఒక్కసారి కూడా జరగదు. 40 శాతం మనిషికైతే 8 అంటే మామూలే. ఇరవై అంటే ఎంత, పావుగంటో అరగంటో. దిగిన ప్రతిసారీ పందెం పెంచుతున్నాడా, లేక పక్కోడు పెట్టినంత పెట్టి ఊరుకుంటున్నాడా అన్నది కూడా చూస్తే ఇంకా క్లియర్. వరసగా కాల్ మాత్రమే కొట్టేవాడు సడన్‌గా పెంచాడంటే, వాడి డీపీలో పిల్లి ఉన్నా సరే జాగ్రత్తపడాలి.

మొన్న ఈ స్క్రిప్ట్ రాస్తూ మా రూమ్మేట్‌కి ఫోన్ చేశా. ఇప్పుడు పుణెలో జాబ్. "ఆ వెంకన్న డీపీవాడితో ఎంతసేపు ఆడావ్ రా?" అంటే, "గంట పైనే. వాడు దాదాపు ప్రతి ఆటలోనూ ఉన్నాడు" అన్నాడు. తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఒక ట్విస్ట్ కూడా ఉంది. అవతార్ ఎదుటోడి గురించి చెప్పకపోయినా, పెట్టుకున్నవాడినే మార్చగలదు. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే రీసెర్చర్లు వర్చువల్ రియాలిటీలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి పొడుగు అవతార్, కొందరికి పొట్టి అవతార్ ఇచ్చి డబ్బు పంచుకోమన్నారు. పొడుగు వచ్చినవాళ్లు తమ వాటా ఎక్కువ అడిగారు. పొట్టి వచ్చినవాళ్లు అన్యాయమైన పంపకానికి కూడా ఎక్కువగా ఒప్పుకున్నారు. దీన్ని ప్రోటియస్ ఎఫెక్ట్ అంటారు. గమనించండి, ఆ అవతార్లు వాళ్లు ఎంచుకున్నవి కావు, ఇచ్చినవి. పోకర్‌లో ఎవరిది వాళ్లే ఎంచుకుంటారు, మోసం చేయడానికి కూడా ఎంచుకుంటారు. పాపం ఆ రోజు వెంకన్నని వాడుకున్నది కూడా అందుకేనేమో, వాడికే తెలియాలి.

ఇంకో మాట. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పోకర్ మీద ఇక్కడ నిషేధం ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి, 2025 ఆగస్టులో కేంద్రమే ఆన్‌లైన్ మనీ గేమ్స్ మీద నిషేధం చట్టం తెచ్చింది. ఉత్తుత్తి చిప్స్‌తో ఆడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: పోయేదేం లేదు కాబట్టి అక్కడ అందరూ లూజ్‌గానే ఆడతారు. సో, 40 అక్కడ పెద్ద అంకె కాదు. ముందు టేబుల్ మొత్తం సగటు చూసి, తర్వాతే మనిషిని చూడండి.

మీ డీపీ ఏంటో, మీ ఆట ఏంటో కామెంట్స్‌లో పెట్టండి. కలుద్దాం, బాయ్.