గాలివాన వెళ్ళాక తెరచాప ఎత్తవచ్చునా?

బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

సముద్రానికి ఇరవై మైళ్ళ దూరంలో పుట్టి పెరిగినా నేను ఇంతవరకూ తెరచాప పడవ ఎక్కి ఎరుగను. రైతుబిడ్డను. పడవ అంటే నాకు తెలిసింది కాలవ దాటించే బల్లకట్టు మాత్రమే. అటువంటివాడు ఎక్కడో కరీబియన్ సముద్రంలో జరిగే పడవ షికార్ల గురించి వ్రాయటమేమిటని మిత్రులు నవ్వవచ్చు. అందుకు కారణం వున్నది.

మొన్న సంక్రాంతికి మా పెదనాన్నగారి అబ్బాయి డల్లాస్ నుంచి ఇంటికి వచ్చాడు. అక్కడి సరస్సుల్లో అన్నయ్య తెరచాప పడవ నడపటం నేర్చుకున్నాడు. 2018 జనవరిలో ఐదుగురు స్నేహితులతో కలిసి టోర్టోలా అనే ద్వీపంలో పడవ అద్దెకు తీసుకుని, వారం రోజులు ఆ చుట్టుపక్కల ద్వీపాలు తిరగాలని ముందే డబ్బు కట్టాడట. ఈలోగా 2017 సెప్టెంబరులో అక్కడ భయంకరమైన తుఫాను కొట్టింది. వెళ్ళాలా, మానాలా అని ఆరుగురూ నెలరోజులపాటు వాదించుకున్నారట. భోగిమంట దగ్గర అన్నయ్య ఈ సంగతి చెబుతూంటే మా నాయనమ్మ విని, "చచ్చినింటికి షికారు కెళతారట్రా ఎవరైనా?" అన్నది. అన్నయ్య మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదనిపించింది. దాన్ని విడదీసి చూద్దామనే ఈ ప్రయత్నం.

ఆ యేడు ఏం జరిగింది?

మనం బంగాళాఖాతంలో తుఫాను అనేదాన్నే అట్లాంటిక్ మహాసముద్రంలో హరికేన్ అంటారు. రెండూ ఒకే జాతి. 2017లో అట్లాంటిక్‌లో పేరు పెట్టదగిన తుఫానులు 17 పుట్టాయి. వాటిలో 10 హరికేన్లు. ఆ పదింటిలో ఆరు అతి తీవ్రమైనవి.

సెప్టెంబరు 6వ తేదీన ఇర్మా గంటకు సుమారు 285 కిలోమీటర్ల గాలితో బార్బుడా ద్వీపాన్ని తాకింది. ఆ చిన్న ద్వీపంలో దాదాపు అన్ని ఇళ్ళూ దెబ్బతిన్నాయి. మిగిలిన జనాన్నంతా పక్కనున్న ఆంటిగ్వాకు తరలించారు. అదే రోజు సెయింట్ మార్టిన్, ఆపైన టోర్టోలా వున్న బ్రిటిష్ వర్జిన్ ద్వీపాలు ఇర్మా పాలబడ్డాయి. టోర్టోలాలో పరాకీటా బే అనే మడ అడవుల మడుగు వున్నది. తుఫాను వస్తోందంటే పడవలను అందులో దాచటం అక్కడి ఆనవాయితీ. ఆసారి అక్కడ కట్టిన వందలాది పడవలు ఒకదానిమీద ఒకటి గుట్టలుగా పడ్డాయి. రెండు వారాలు తిరక్కుండానే, 18వ తేదీన మారియా డొమినికాను, 20వ తేదీన ప్యూర్టో రికోను కొట్టింది.

గాలి బలం వేగంతోపాటు పెరగదు, వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. తెరచాప పడవకు చక్కగా సరిపోయే గాలి గంటకు 37 కిలోమీటర్లు అనుకుందాం. 285 అంటే దానికి ఏడున్నర రెట్ల పైచిలుకు. దాన్ని వర్గం చేస్తే సుమారు 60. అంటే ఆ రోజు ఇర్మా పడవల మీద చూపిన ఒత్తిడి మామూలు మంచిగాలికి 60 రెట్లన్నమాట. తాళ్ళెందుకు తెగవు?

మా నాన్న మడి చూశాడు

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన మా వరి నేలకొరిగింది. వరిలో చల్లిన మినుము విత్తనం నీళ్ళలో కుళ్ళిపోయింది. మళ్ళీ విత్తనం కొని చల్లాలా, ఈ యేటికి ఇంతేనని వదిలెయ్యాలా? ఊళ్ళో సగంమంది ఆకాశం వంక చూసి, "ఈ యేడు కాలాన్ని నమ్మటానికి లేదు" అన్నారు. నాన్న ఆకాశం చూడలేదు. బోదె తవ్వి నీరు తీసి, రోజూ మడిలోకి దిగి మట్టి పిసికి చూసేవాడు. పదును కుదిరిన రోజున మళ్ళీ చల్లాడు. గొప్ప పంట కాకపోయినా పెట్టుబడికి లోటు రాలేదు.

అప్పుడు నాకు అర్థం కాలేదుగాని, తుఫాను తరువాత అడగవలసిన ప్రశ్నలు రెండు. ఆకాశం ఎలా వున్నది అనేది ఒకటి. నేల ఎలా వున్నది అనేది రెండోది. భయంలో మనం ఈ రెంటినీ కలిపేస్తాం. పడవ షికారు విషయంలోనూ అంతే.

ఆకాశం సంగతి

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. సెప్టెంబరు 10 ప్రాంతంలో అది ముమ్మరంగా వుంటుంది. తుఫాను ముదరటానికి సముద్రం పైపొర వేడి సుమారు ఇరవై ఆరున్నర డిగ్రీలకు తగ్గకుండా వుండాలి. కింది గాలీ పై గాలీ ఇంచుమించు ఒకే తీరున వీచాలి. చలికాలంలో అక్కడ సముద్రం కొంత చల్లబడుతుంది. అంతకంటే ముఖ్యంగా, కింద తూర్పుగాలి వీస్తూంటే ఎత్తున పడమటిగాలి బలంగా వీస్తుంది. మొక్క మొదలు ఒకవైపు, తల ఒకవైపు లాగితే అది నిలబడుతుందా? తుఫానూ అంతే. మనకు నడి వర్షాకాలంలో కంటే ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ పెద్ద తుఫానులు ఎక్కువ రావటానికి వున్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

కాబట్టి సెప్టెంబరులో ఎంత ఘోరం జరిగినా, జనవరి గాలికి దానితో సంబంధం లేదు. అసలు రాదా అంటే, 1955 జనవరి మొదట్లో ఆలిస్ అనే హరికేన్ ఆ ద్వీపాల మీదుగానే పోయింది. ఐతే అటువంటిది బహు అరుదు. చలికాలంలో నిజంగా చూసుకోవలసినవి వేరే వున్నాయి. క్రిస్మస్ రోజుల్లో తూర్పుగాలి ఒక్కోసారి రోజుల తరబడి పెచ్చుపెరుగుతుంది. అప్పుడు తెరచాప కొంత దించి నడపాలి. ఉత్తర అట్లాంటిక్ నుంచి వచ్చే పెద్ద కెరటాలు ఉత్తరం వైపు రేవులను నిలవనీయవు. ఇవి ప్రతి యేడూ వుండేవే. ఆకాశం దృష్ట్యా 2018 జనవరి మామూలు జనవరే.

రేవు సంగతి

భయపడవలసింది ఇక్కడ. గాలి పోయిందిగాని అది చేసిన పని పోలేదు. మునిగిన పడవల తెరచాప కొయ్యలు నీళ్ళ కిందే దాగి వుండవచ్చు. తెగిన తాళ్ళు ఇంజను పంకాకు చుట్టుకోవచ్చు. దారి చూపే బోయాలు కొట్టుకుపోయి వుండవచ్చు, ఇసుకమేటలు జరిగి వుండవచ్చు. అందుచేత పాత పటాలను గుడ్డిగా నమ్మకుండా, చీకటిలో కొత్త రేవులోకి పోకుండా, పొద్దుండగానే లంగరు వేసి అడుగు చూసుకోవాలి. బీమా పత్రంలో ఏ ప్రాంతం వరకు ఒప్పుకున్నారో ముందే చదువుకోవాలి.

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఆస్పత్రి, కరెంటు, మంచినీళ్ళు. ప్యూర్టో రికోలో అందరికీ కరెంటు తిరిగి వచ్చేసరికి 2018 ఆగస్టు అయింది. మారియా వల్ల అక్కడ చనిపోయినవారు 64 మందేనని మొదట్లో ప్రభుత్వపు లెక్క. తుఫాను తరువాతి నెలల్లో అదనంగా సంభవించిన మరణాలన్నీ పరిశీలించిన పిమ్మట, 2018 ఆగస్టులో ఆ లెక్కను 2,975గా మార్చారు. గాలి వెళ్ళిపోయాక కూడా తుఫాను చంపుతూనే వుంటుందని దీని అర్థం. అటువంటి చోట మన కాలు విరిగితే, ఎవరికో అందవలసిన మంచం మనం ఆక్రమించినట్టవుతుంది.

ఏ ద్వీపం?

కరీబియన్ అంతా నాశనమైందని ఆ రోజుల్లో చాలామంది షికార్లు మానుకున్నారు. పటం చూస్తే ఇది ఎంత పొరపాటో తెలుస్తుంది. టోర్టోలా నుంచి దక్షిణాన గ్రెనడా 700 కిలోమీటర్లకు పైనే. ఇంచుమించు మన ఇచ్ఛాపురానికీ నెల్లూరుకీ వున్నంత దూరం. ఇచ్ఛాపురంలో గాలివాన కొడితే నెల్లూరులో ఎండ కాయవచ్చుగదా! 2017లో సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడీన్స్, గ్రెనడా పెద్ద దెబ్బ నుంచి తప్పించుకున్నాయి. బార్బుడా జనానికి ఆశ్రయమిచ్చిన ఆంటిగ్వాలో ఇంగ్లీష్ హార్బర్ రేవు పనిచేస్తూనే వున్నది.

అలాగని దక్షిణం ఎప్పటికీ క్షేమమనుకోరాదు. గ్రెనడా హరికేన్ల దారిలో లేదనుకుని చాలామంది వేసవిలో తమ పడవలను అక్కడ దాచేవారు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చి ఆ నమ్మకాన్ని పడగొట్టింది. ఒకసారి కొట్టినచోట మళ్ళీ కొట్టదనుకుంటే, పదినెలలకే 2005 జులైలో ఎమిలీ వచ్చింది. 2024 జులై 1న బెరిల్ గ్రెనడాకు చెందిన కారియకూ ద్వీపాన్ని నేలమట్టం చేసింది. అక్కడా మడ అడవుల్లో దాచిన పడవలు పోయాయి. మంచిచోటు, చెడ్డచోటు అంటూ శాశ్వతంగా లేవు. మంచికాలం, చెడ్డకాలం మాత్రం వున్నాయి.

మనిషి సంగతి

ఇక నాయనమ్మ ప్రశ్న. ఆమెకు ఆ ప్రశ్న అడిగే హక్కు వున్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆమె ఆ సీమలోనే కొత్తకోడలు. సుమారు పదివేలమంది పోయారని సర్కారు లెక్క. తరువాత లారీలెక్కి చూడటానికొచ్చిన జనాన్ని తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ కోపమే.

కాని ఆ రాత్రి ఆమే ఇంకొక మాట చెప్పింది. వాళ్ళకు ఒక్క గేదె మిగిలిందట. నెల తరువాత అవనిగడ్డ నుంచి టీ కొట్టాయన ఒకడు వచ్చి, రోజూ పాలు పోయించుకుని చేతిలో డబ్బు పెట్టేవాడట. "అన్నం పెట్టినవాళ్ళు దేవుళ్ళేరా నాయనా, కాదనను. కాని చెయ్యి చాచకుండా డబ్బు పుచ్చుకున్నది ఆ పాలకే. ఆ రోజునే మళ్ళీ మనుషులమయ్యామనిపించింది," అన్నది.

బ్రిటిష్ వర్జిన్ ద్వీపాల్లో చాలామందికి అన్నం పెట్టేది వచ్చేపోయే జనమే. హోటళ్ళు కూలినప్పుడు ఆ జనం ఎక్కడ దిగాలి? ఇక్కడ తెరచాప పడవకు ఒక సుగుణమున్నది. ఇల్లు, వంట, మంచం అన్నీ అందులోనే వుంటాయి. నీళ్ళూ తిండీ తనవి తాను తెచ్చుకుంటే, ఒడ్డున వున్నవారి చోటు ఆక్రమించకుండా డబ్బు మాత్రం వారి చేతిలో పెట్టి పోగలదు. అందుకే చాలా హోటళ్ళు మూతపడి వుండగానే, 2017 డిసెంబరు కల్లా టోర్టోలా నుంచి అద్దె పడవలు కొన్ని మళ్ళీ బయలుదేరాయి. డొమినికాకైతే పొరుగు ద్వీపాల పడవలవాళ్ళు తిండిసామాను, టార్పాలిన్లు చేరవేశారు.

కాబట్టి నా లెక్క ఇది. గాలి గురించి క్యాలెండరును అడగాలి. రేవు గురించి అక్కడి రేవు అధికారులనూ, అక్కడ బ్రతుకుతున్నవారినీ అడగాలి. వారింకా శవాలు వెతుక్కుంటూంటే, మంచినీళ్ళకు వరసల్లో నిలబడుతూంటే వెళ్ళకూడదు. డబ్బు పంపి వూరుకోవాలి. రండి అని వారే పిలిస్తే, మన భయంకొద్దీ మానటం వారికి రెండో తుఫాను. వెళ్ళినవాడు కూలిన ఇళ్ళకు ఫోటోలు తీయకుండా, బేరమాడకుండా కొనాలి.

అన్నయ్యవాళ్ళు ఆ యేడు టోర్టోలా మానుకుని గ్రెనడా వైపు వెళ్ళారు. అది తప్పని నేననను, అక్కడివారికీ బ్రతుకు కావాలిగదా. ఐతే 2019లో అన్నయ్య టోర్టోలా వెళ్ళినప్పుడు, పడవల దగ్గరకొచ్చి మంచుగడ్డలు, రొట్టెలు అమ్మే కుర్రవాడొకడు కలిశాడట. తుఫాను తరువాతి చలికాలంలో సరుకుతో ఎదురుచూసిన రోజులే ఎక్కువని చెప్పాడట. ఆ మాట అన్నయ్యకు ఇంకా గుచ్చుకుంటూనే వున్నది.

అంతా విని నాయనమ్మ కాసేపు మంటవైపు చూస్తూ కూర్చున్నది. తరువాత, "ఆ మంచుగడ్డల పిల్లాడి దగ్గర కొన్నావా?" అని అడిగింది.

"కొన్నాను నాయనమ్మా. వున్న నాలుగు రోజులూ వాడి దగ్గరే."

"ఐతే ఫరవాలేదులే," అన్నది.