నీ వీరుడు గొప్పా, నా వీరుడు గొప్పా?

భీముడు గొప్పా, దుర్యోధనుడు గొప్పా అని వాదించుకోని పిల్లలు మన దేశంలో ఏ కాలంలోనూ ఉండి ఉండరు. ఇప్పటి పిల్లలు అలాటి వాదనే వీడియో ఆటల్లోని వీరులను గురించి కూడా చేస్తున్నారు.

ఒక ఇంట్లో అన్నా, తమ్ముడూ ఉన్నారు. వాళ్ళు ఆడే ఆట పేరు స్ట్రీట్ ఫైటర్ 2. అన్న ఎప్పుడూ గైల్ అనే అమెరికా సైనికుణ్ణి ఎంచుకునేవాడు. తమ్ముడు ఎప్పుడూ జాంగీఫ్ అనే రష్యా వస్తాదును ఎంచుకునేవాడు. ఒకనాడు తమ్ముడు వరసగా ఆరుసార్లు ఓడిపోయాడు.

"నీ గైల్ బలమైనవాడు గనక గెలిచావు. అందులో నీ గొప్పేమీ లేదు," అన్నాడు తమ్ముడు ఉక్రోషంతో.

"ఆడటం చేతకాక ఓడిపోయి నన్నంటావేం?" అన్నాడు అన్న.

మూడు రోజులపాటు ఇద్దరి మధ్యా మాటలు లేవు.

ఎవరు చెప్పినది నిజం? ఇది తేల్చాలంటే ఆ ఆట సంగతి కొంత తెలుసుకోవాలి.

జపానులో కాప్‌కామ్ అనే కంపెనీ 1987లో స్ట్రీట్ ఫైటర్ అనే ఆటను తయారుచేసింది. 1991లో వచ్చిన రెండవ ఆట ప్రపంచమంతటా పేరుపొందింది. పెద్ద బీరువా లాటి యంత్రంలో నాణెం వేసి దాన్ని ఆడేవాళ్ళు. ఎడమచేతికి ఒక పిడి, కుడిచేతికి ఆరు బొత్తాలు ఉంటాయి. మూడు బొత్తాలు గుద్దటానికి, మూడు తన్నటానికి. తెర పైభాగాన ప్రాణానికి గుర్తుగా ఒక గీత ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా అది తరుగుతుంది.

ఎంచుకోవటానికి 8 మంది వీరులున్నారు. హోండా జపాను సూమో వస్తాదు. బ్లాంకా బ్రెజిల్ అడవుల్లో పెరిగిన ఆకుపచ్చ మనిషి. చున్‌లీ చైనా అమ్మాయి, పోలీసు ఉద్యోగిని. ఈ ఆటల వరసలో ఆటగాళ్ళు ఎంచుకోగలిగిన మొట్టమొదటి స్త్రీ ఆమే. ధాల్సిమ్ మన దేశపు యోగి అట! చేతులూ కాళ్ళూ బారలకొద్దీ సాచుతాడు, నోటినుంచి మంటలు వదులుతాడు. నిజం యోగులు ఇలాటి పనులు చెయ్యరుగాని, ఆటకు అడ్డేమున్నది? గైల్, జాంగీఫ్‌లను ఇదివరకే చూశాం.

మిగిలిన ఇద్దరూ ర్యూ, కెన్. వీళ్ళు ఒకే గురువు శిష్యులు. 1991 ఆటలో ఇద్దరి దెబ్బలూ దాదాపు ఒకటే. ర్యూ తెల్లబట్టలు కట్టి, నుదుట ఎర్రగుడ్డ చుట్టుకుంటాడు. కెన్‌వి ఎర్రబట్టలు, బంగారు రంగు జుట్టు. బలంలో తేడా లేకపోయినా కొందరు పిల్లలు ర్యూ పక్షం, కొందరు కెన్ పక్షం!

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? "నాకు ఇష్టమైనవాడెవడు?" అనేది ఒక ప్రశ్న. "బలమైనవాడెవడు?" అనేది మరొక ప్రశ్న. మొదటిదానికి రుజువు అక్కర్లేదు, రెండవదానికి కావాలి. ఈ రెండిటినీ కలిపెయ్యటం వల్లనే చాలా తగాదాలు వస్తాయి.

ఇక బలం మాట చూద్దాం. ఈ ఆటలో తెర మీది బొమ్మ సెకండుకు సుమారు 60 సార్లు మారుతుంది. ప్రతి దెబ్బకూ ఈ కొలతతోనే లెక్క ఉన్నది: చెయ్యి లేవటానికి ఎన్ని బొమ్మలు, తగలటానికి ఎన్ని, వెనక్కు రావటానికి ఎన్ని అని. చిన్న దెబ్బ త్వరగా తగులుతుంది. పెద్ద దెబ్బకు ఆలస్యం ఎక్కువ. అది తప్పిపోతే, చెయ్యి వెనక్కు వచ్చేలోపల ఎదుటివాడు కొట్టేస్తాడు.

వీరులకు కూడా ఇదే న్యాయం. జాంగీఫ్ చేతికి చిక్కినవాణ్ణి పైకెత్తి, గిర్రున తిప్పుతూ నేలకేసి కొడతాడు. ప్రాణంలో పెద్ద భాగం పోతుంది. కాని పట్టుకోవాలంటే దగ్గిరికి రావాలిగదా! గైల్ దూరంగా కూచుని, చేతులు విసిరి గాలిదెబ్బలు వదులుతూ అతన్ని దగ్గిరికే రానివ్వడు. సమానమైన నేర్పు గల ఇద్దరు 10 ఆటలు ఆడితే ఎవరు ఎన్ని గెలుస్తారో ఆరితేరిన ఆటగాళ్ళు అంచనా వేసి, "ఆరు-నాలుగు", "ఏడు-మూడు" అని చెప్పుకుంటారు. గైల్ ఎదుట జాంగీఫ్‌కు కష్టమే. అందుచేత తమ్ముడి మాటలో నిజమున్నది.

మరి అన్న మాట?

2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈవో అనే పోటీలు జరిగాయి. అక్కడ స్ట్రీట్ ఫైటర్ 3 ఆటలో జపానుకు చెందిన డైగో ఉమేహారా కెన్‌ను, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ చున్‌లీని ఎంచుకున్నారు. కెన్ ప్రాణం నూలుపోగంత మిగిలింది. అప్పుడు చున్‌లీ వరసగా 15 తన్నులు తన్నే మహాస్త్రం ప్రయోగించింది. అలాటి అస్త్రాన్ని చేతులు అడ్డం పెట్టి ఆపినా కొద్దిగా ప్రాణం పోతుంది. ఆ కొద్ది కూడా కెన్‌కు లేదు. ఇక ఒకటే దారి: ప్రతి తన్నూ తగలబోయే క్షణాన సరిగ్గా పిడిని శత్రువు వైపుకు నెట్టాలి. అప్పుడు ఆ దెబ్బ వృథా అవుతుంది. ఉమేహారా 15 తన్నులనూ అలాగే వృథా చేసి, వెంటనే ఎదురుదెబ్బ తీసి గెలిచాడు! చూసేవాళ్ళు కేకలతో ఆ చోటును దద్దరిల్లజేశారు. అంతటి నేర్పరి కూడా ఆ పోటీల ఆఖరి పందెంలో మరొక జపాను ఆటగాడి చేతిలో ఓడిపోయాడు.

అంటే, నేర్పు లేనిదే బలం గెలిపించదు. భీముడిది బలం, దుర్యోధనుడిది అభ్యాసం అని గదాయుద్ధానికి ముందు కృష్ణుడు ధర్మరాజుతో అన్నది కూడా ఈ సంగతే.

నాలుగవ రోజున తండ్రి కొడుకులిద్దర్నీ పిలిచి, "ఒరే, కేకలతో ఏదీ తేలదు. మీ వీరులతో మీరు పది ఆటలు ఆడండి. తరవాత వీరులను మార్చుకుని మరో పది ఆడండి. లెక్క రాసి నాకు చూపించండి," అన్నాడు.

మొదటి పదింటిలో అన్న ఎనిమిది గెలిచాడు. మార్చుకున్నాక చెరి ఐదు గెలిచారు.

తండ్రి కాగితం చూసి, "గైల్ చేతికి రాగానే చిన్నవాడు రెండు నుంచి ఐదుకు పెరిగాడు. అది గైల్ బలం. అంత బలం చేత ఉన్నా ఐదు దాటలేదు. అది పెద్దవాడి నేర్పు. ఇద్దరూ సగం నిజం చెప్పి పోట్లాడుకున్నారు. ఇంకా ఎక్కువ ఆటలు ఆడితే లెక్క మరింత గట్టిపడుతుంది," అన్నాడు.

"జాంగీఫ్‌తో దగ్గిరికి పోవటం ఇంత కష్టమని నాకు తెలీదురా! వీడితో నువ్వు రెండు గెలవటమే గొప్ప," అన్నాడు అన్న.

"అయితే ఇకనుంచి గైల్‌ను నువ్వు తీసుకుంటావా?" అని తండ్రి చిన్నవాణ్ణి అడిగాడు.

"ఊహూఁ. ఓడినా, గెలిచినా నాకు జాంగీఫే కావాలి," అన్నాడు తమ్ముడు.

దానికి రుజువేమిటని ఎవరూ అడగలేదు.

2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 ఆటలో కూడా ఆ 8 మంది వీరులూ ఉన్నారు. మీ ఇంట్లోనూ ఈ వాదన వస్తే, ముందు ఒక కాగితమూ, పెన్సిలూ తెచ్చుకుని, ఎదుటివాడి వీరుణ్ణి తీసుకుని ఆడి చూడండి.