పిల్లవాని మన్నెత్తు యంత్రము

మా వర్ని ప్రాంతపు పొలములకు నీరిచ్చు నిజాంసాగరము 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై నిర్మింపఁబడినది. దాని కాలువలో పూడిక తీయు యంత్రమును జూచివచ్చి, మా చిన్నవాఁడు అట్టిదానినే లెగో యిటుకలతోఁ గట్టఁబూనెను. ఈ యిటుకకు డెన్మార్కు దేశపు సంస్థ 1958లో పేటెంటు కోరినది. ఆ సంస్థయే 2019లో వెలువరించిన లీబెర్ త్రవ్వకపు యంత్రపు నమూనాలో 4108 ముక్కలును, ఏడు మోటారులును గలవు. మావారి బడిపంతులు జీతమున కది యందునా? మావానికున్నది యొక్క మోటారే.

తొలుత తొట్టి లేవనే లేదు. ఎనిమిది పండ్ల చక్రముచే నిరువదినాలుగు పండ్ల చక్రమును ద్రిప్పింపఁగా వేగము మూఁడవవంతై, బలము ఇంచుమించు మూఁడింతలయ్యెను. తొట్టి లేచెను గాని మోటారాగినంతనే క్రిందఁబడెను. అంతట మరచుట్లుగల యిరుసును జేర్చెను. అది చక్రమును ద్రిప్పునుగాని చక్రము దానిని ద్రిప్పఁజాలదు. కావునఁ దొట్టి లేచినచోటనే నిలిచెను.

మూఁడుమాసములు శ్రమించి గీసిన యా పటమును, అమెరికానుండి మేనమామ పంపిన యిటుకలు కుప్పలుగాఁ గల పొరుగుబాలునకు వాఁడూరక యిచ్చివేసెను. మేము కోపించితిమి, దాఁచనేల? నాలుగుదినములకా బాలుఁడు యంత్రపుచేయి కుఱుచచేసి, మఱింత బరువెత్తు నమూనాను దెచ్చి మా యరుఁగుపైఁ బెట్టెను. ఇప్పుడు మావాఁడు దాని పటమును గీయుచున్నాఁడు.